పాత పుట్టి కొనేటప్పుడు

ఉదయగిరి దగ్గర గండిపాళెం జలాశయం ఉంది. ఆత్మకూరు దాటి పోతే పెన్నా నది మీద సోమశిల జలాశయం ఉంది. సోమశిల చాలా పెద్దది. నిండితే 78 టి.ఎం.సి.ల నీళ్ళు పడతాయి. ఈ రెండు చోట్లా చేపలు పట్టి బతికే కుటుంబాలు ఉన్నాయి.

ఇక్కడ సముద్రం మీద తిరిగే పెద్ద పడవలతో పని లేదు. పుట్టి చాలు. పుట్టి అంటే గుండ్రటి బుట్ట. వెదురు బద్దలతో అల్లుతారు. వెనకటి రోజుల్లో దానికి తోలు తొడిగేవారు. ఇప్పుడు పట్ట కట్టి తారు పూస్తారు. ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు వల వేస్తారు.

గండిపాళెం దిక్కున ఒక అత్త, కోడలు ఉన్నారు. కొడుకు ఇంకొకరి పుట్టిలో చేపలకు పోతాడు. పట్టిన దాంట్లో సగం పుట్టి గలాయనకు పోతుంది. మిగిలిన సగం అత్త గంపకెత్తుకుని ఉదయగిరి వీధుల్లో అమ్ముతుంది. సొంత పుట్టి ఉంటే ఆ సగం కూడా మనకే మిగులుతుంది కదా అని కోడలి ఆశ. కొత్త పుట్టి అడిగితే 9,000 రూపాయలు చెప్పారు. అంత లేదు. పొదుపు సంఘంలో 7,000 అప్పు దొరికింది.

నెల్లూరు జిల్లాలో పొదుపు నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలింది. రోజుకు ఒక రూపాయి దాచుకోవడం ఆ రోజుల్లోనే మొదలైంది. అత్త కూడా అప్పుడు రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది. తర్వాత మర్చిపోయింది. కోడలు ఇప్పుడు నేర్చుకుంటా ఉంది.

సోమశిలలో పాత పుట్టి అమ్ముతారని తెలిసింది. ముగ్గురూ బస్సెక్కి ఆత్మకూరుకు, అక్కడి నుంచి సోమశిలకు పోయారు.

పుట్టి గట్టు మీద బోర్లించి ఉంది. కొత్తగా తారు పూశారు. నల్లగా నిగనిగలాడతా ఉంది. కొడుకుకు చూడగానే నచ్చింది.

"ఎంత బాగుందో చూడమ్మా" అన్నాడు.

"ముసలమ్మ తలకు రంగేస్తే వయసు తగ్గుద్దా? తారు చూసి మురిసిపోవాకు. లోపల చూడాల" అంది అత్త. ఆమె పుట్టింటి వాళ్ళు పుట్టీలు అల్లేవాళ్ళు.

అమ్మే ముందు తారు పూయడం తప్పేమీ కాదు. ఏటా పూయాల్సిందే. కానీ పగుళ్ళు, మాసికలు ఆ తారు కింద దాక్కుంటాయి. అందుకని అత్త పుట్టిని వెల్లకిలా తిప్పించింది. ముందు అంచు పట్టుకుంది. పుట్టికి బలమంతా అంచులోనే ఉంటుంది. వల లాగేటప్పుడు మనిషి ఆనుకునేది అంచు మీదే. అంచు కట్టు వదులైతే అల్లిక మొత్తం విచ్చుకుంటుంది. అత్త చుట్టూ తిరిగి జానెడు జానెడుకు నొక్కి చూసింది. ఒకచోట కట్టు ఊడి ఉంది.

తర్వాత అడుగు చూసింది. బద్దల మధ్య తెల్లటి పొడి రాలి ఉందేమో అని చేత్తో తుడిచింది. పొడి ఉంటే వెదురుకు పురుగు పట్టినట్టే. పురుగు పట్టిన బద్ద పైకి బాగానే కనపడుద్ది. బరువు పడితే పుటుక్కుమంటుంది. నల్లగా ఉన్న బద్దల మీద మేకు మొనతో గుచ్చింది. గట్టి వెదురులో మేకు దిగదు. కుళ్ళిన దాంట్లో మెత్తగా దిగుతుంది. రెండు బద్దల్లో దిగింది.

"రెండే కదమ్మా" అన్నాడు అమ్మే ఆయన.

"రెండే అన్నా. అవి రెండూ అడుగున పక్కపక్కనే ఉండాయి. కాలు పెట్టేది ఆడే" అంది అత్త.

అప్పుడు కొడుకును, ఆయనను పుట్టిని నిలబెట్టి పట్టుకోమంది. బయటి వైపు ఎండ తగిలేట్టు తిప్పించింది. తను లోపలి వైపు నిలబడి చూసింది. పట్టకు చిల్లు ఉంటే సూది మొనంత వెలుతురు కనపడుతుంది. ఏమీ కనపడలేదు. ఎత్తినప్పుడు మరీ బరువుగా కూడా లేదు. వెదురు నీళ్ళు తాగి ఉంటే ఇద్దరికి లేవడం కష్టం.

ఆఖరికి నీళ్ళలో దించారు. ఈ పని చేయకుండా డబ్బు ఇయ్యకూడదు. మొలలోతు నీళ్ళలోనే దించాలి. ఖాళీ పుట్టి ఏదైనా తేలుతుంది. అందుకే ఇద్దరు మనుషులను ఎక్కించి, వల బరువుకు రాళ్ళు పెట్టారు. అర గంట చూశారు. ఒక పక్కకు ఒరగలేదు. అడుగున కొంచెం తడి ఊరింది. ఆ రెండు బద్దల దగ్గరే. ఆ చోటును కోడలు బొగ్గుతో గుర్తు పెట్టింది.

ఫైబరు పుట్టి అయితే చూసే తీరు వేరు. ఒక రూపాయి బిళ్ళతో అంతటా తట్టాలి. గట్టిగా మోగితే మంచిది. ఒకచోట డొల్లగానో బొద్దుగానో మోగితే అక్కడ పొరలు విడిపోయి ఉంటాయి. వెంట్రుక లాంటి పగుళ్ళు వేలికి తగులుతాయి. సముద్రం పడవ కొనేవాళ్ళు ఇంజను, రిజిస్ట్రేషన్ నంబరు, కాగితాలు కూడా చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పెద్ద పడవలకు, ఇంజను పడవలకు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి అడుగు చూసుకోవడానికి అది మంచి సమయం.

ఇక బేరం. ఆయన 7,000 అన్నాడు. కోడలు నోటు పుస్తకం తీసి లెక్క రాసింది. బద్దలు మార్చడానికి, అంచు కట్టడానికి, తారుకు కలిపి 1,200 అవుతుంది. 7,000కు 1,200 కలిపితే 8,200. కొత్త పుట్టికి 800 మాత్రమే తక్కువ. ఆ లెక్క ఆయనకు చదివి వినిపించింది. బేరం 5,500కు తెగింది.

ఒక మనిషి రాసిన కాగితం తెచ్చాడు. వేలిముద్రకు సిరా డబ్బీ కూడా తెచ్చాడు. "ఏముంది చెల్లెమ్మా, మామూలు రసీదే. వేలు పెట్టు" అన్నాడు.

"చదివి పెడతా అన్నా" అంది కోడలు.

కూడబలుక్కుని చదివింది. ఎండలో అందరూ నిలబడి ఉన్నారు. ఆమెకు చెమటలు పట్టాయి. నాలుగో వరుసలో ఆగింది. ఆ వరుస మళ్ళీ పైకి చదివింది.

"ఈ పుట్టితో పట్టిన చేపలన్నియు పై వ్యాపారికే వేయవలెను."

"ఏందిది?" అన్నాడు కొడుకు.

అమ్మే ఆయన తల దించుకున్నాడు. చేపల వ్యాపారి దగ్గర 4,000 ముందుగా తీసుకున్నాడట. ఆ బాకీ తీరేదాకా చేపలు ఆ వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. పుట్టితో పాటు ఆ బాకీ కూడా వీళ్ళ మెడకు చుట్టుకునేది. అత్త గంపకు చేప ఒక్కటి కూడా మిగిలేది కాదు.

"పుట్టి కొంటాం. బాకీ కొనం" అంది కోడలు.

చాలాసేపు మాటలు నడిచాయి. చివరికి వ్యాపారినే పిలిపించారు. 5,500లో 4,000 ఆయన చేతికిచ్చారు. పాత చీటీ తీసుకుని అందరి ముందూ చించారు. మిగిలిన 1,500 పుట్టి ఆయనకు ఇచ్చారు. కోడలు తన పుస్తకంలోంచి కాగితం చించి, కొత్త రసీదు తనే రాసింది.

"ఒక వెదురు పుట్టి, ఒక తెడ్డు 5,500 (అయిదు వేల అయిదు వందలు) రూపాయలకు అమ్మినాను. డబ్బు మొత్తం ముట్టింది. ఈ పుట్టి మీద ఎవరికీ బాకీ లేదు. తాకట్టు లేదు."

కింద తేదీ వేసింది. అమ్మిన ఆయన సంతకం, వ్యాపారి సంతకం, సాక్షులు ఇద్దరి సంతకాలు పెట్టించింది. ఒక సాక్షి అత్తే.

అత్త సిరా డబ్బీ వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఆ కలం ఇటు ఇయ్యి మే. నా పేరులో మొదటి అక్షరం గుర్తుండాది. మిగతాది నువ్వు చూపించు" అంది.