చిన్న మాట - పెద్ద తేడా

పర్చూరులో ఒక అమ్మమ్మ ఉందనుకుందాం. చేలో పత్తి తీసింది. కల్లంలో మిరపకాయలు ఎండబెట్టింది. పెద్ద వయసులో రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. కూతురు అమెరికాలో ఉంటుంది. మనవరాలికి తెలుగు అంతంతమాత్రం.

అమ్మమ్మ అరిసెలు చేసి పంపింది. మనవరాలు ఫోనులో "థాంక్యూ అమ్మమ్మా" అంది.

"నో, నో" అంది అమ్మమ్మ.

పిల్ల మొహం చిన్నబోయింది. అమ్మమ్మకి కోపం వచ్చిందనుకుంది. అమ్మమ్మ మనసు చివుక్కుమంది.

"అయినవాళ్ళ మధ్య థాంక్సు ఎందుకని అలా అన్నానే! తప్పయిందా?" అని కూతుర్ని అడిగింది.

"తప్పేం లేదమ్మా. ఒక మాట తగ్గింది, అంతే. 'నో' అంటే వద్దు, కాదు. 'నో ప్రాబ్లం' అంటే పర్వాలేదులే."

అక్కలారా! మన భాషలో కూడా ఇంతే. "ఉప్పు వెయ్యి", "ఉప్పు వెయ్యకు". తేడా చిన్నదే. కూర రుచే మారిపోతుంది.

థాంక్యూ అన్నవారికి ఏమని జవాబు చెప్పాలి?

1. యు ఆర్ వెల్కమ్: ఎవరితోనైనా అనొచ్చు. పెళ్ళిపందిరి దగ్గర "వెల్కమ్" అని రాస్తారు. అక్కడ దాని అర్థం స్వాగతం. ముందు "యు ఆర్" చేరిస్తే మర్యాదైన జవాబు అవుతుంది.

2. నాట్ ఎట్ ఆల్: అబ్బే, దానిదేముంది! మూడు మాటలూ కలిపే అనాలి.

3. డోంట్ మెన్షన్ ఇట్: ఆ మాట ఎత్తకండి. మన దేశంలో చాలామంది "మెన్షన్ నాట్" అంటారు. ఇక్కడ అర్థమవుతుంది. పరాయి దేశంవాళ్ళు తికమకపడొచ్చు.

4. విత్ ప్లెజర్, మై ప్లెజర్: ప్లెజర్ అంటే సంతోషం. ఎవరైనా సాయం అడిగితే "విత్ ప్లెజర్" అనాలి. అంటే సంతోషంగా చేస్తాను. సాయం చేశాక వాళ్ళు థాంక్యూ అంటే "మై ప్లెజర్" అనాలి. అంటే చేసినందుకు నాకే సంతోషం. మొదటిది పనికి ముందు. రెండోది పని అయ్యాక.

మళ్ళీ ఆదివారం మనవరాలు ఫోను చేసింది. ఈసారి గట్టిగా "థాంక్యూ" అంది. అమ్మమ్మ చేతిలో కాగితం ఉంది. దానిమీద తెలుగు అక్షరాల్లో తనే రాసుకుంది. కూడబలుక్కుని చదివింది.

"యు ఆర్ వెల్కమ్, తల్లీ!"

పిల్ల పకపకా నవ్వింది.

"మరి తెలుగులో ఏమంటారు అమ్మమ్మా?"

"దానిదేముందే, అంటాం."

పిల్ల ఆ మాట పదిసార్లు పలికింది.

చెప్పండి:
* సాయం అడిగినప్పుడు ఏమనాలి? చేశాక ఏమనాలి?
* మీ ఇంట్లో థాంక్సు చెబితే మీరేమంటారు? రాయండి.