రాజీ కాగితం రాసే ముందు



జమ్మలమడుగు కోర్టులో జూనియర్‌గా చేరినావు, సంతోషం. "పెద్దనాయనా, ఒకరు బైబిలు వాక్యం చెప్తారు, ఇంకొకరు గుళ్లో ప్రమాణం చేయమంటారు. వీళ్లకు రాజీ ఎట్లా చెప్పాల?" అని అడిగినావు. మన పక్క మనిషి సెంటు భూమి పోయినా ఓర్చుకుంటాడు గానీ, 'నేను ఇట్లాంటోణ్ని' అని ఊర్లో తెచ్చుకున్న పేరు పోతే ఓర్వడు. ఆ పేరులో సగం మతం ఇచ్చిందే.

పులివెందుల దగ్గర అన్నదమ్ముల కేసొకటి చూసినా. చీనీతోటలో బోరు నీళ్ల వాటా. ఇద్దరూ చర్చికి పోయేవాళ్లే. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో మంచి వరుస ఉంది: తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడాల, వినకుంటే ఒకరిద్దరిని తీసుకుపోవాల, అప్పటికీ వినకుంటే సంఘానికి చెప్పాల. వీళ్లు మొదటి రెండు మెట్లూ ఎక్కకుండానే ప్రార్థన చేసి చేతులు కలిపినారు. తమ్ముడు కరెంటు బిల్లు లెక్క అడగనే లేదు. అడిగితే క్షమించనోడని అంటారేమోనని భయం. చెట్లు ఎండినాక దావా వేసినాడు, అప్పటికి మాటల్లేవు. అరిచేవాడితో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. "మాకేం తగాదా లేదు సార్" అనేవాడితోనే జాగ్రత్త.

ప్రమాణం సంగతి వేరే. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణమంటే ఇప్పటికీ జనానికి గురి. తీర్పు దేవుడికి వదిలేస్తే ఓడినోడికి తలవంపులుండవు. కానీ ఎదుటివాడు ప్రమాణం చేయకుంటే దొంగ అని ముద్ర పడుతుంది. బెదిరించడానికి దాన్ని వాడనీయొద్దు. ముస్లిం కక్షిదారు రాజీ అంటే ఓటమే అనుకుంటే, ఖురాన్ హుజురాత్ సూరాలో న్యాయంగా సంధి చేయమనే ఉందని ఆయన నమ్మే పెద్దలతోనే చెప్పించు. నువ్వు చెప్పొద్దు.

ఇద్దరి మధ్య కాక ఊరంతటి గొడవైతే ఇంకా కష్టం. 2021లో మన ప్రొద్దుటూరులో టిప్పు సుల్తాన్ విగ్రహం పెట్టాలని కొందరు, వద్దని కొందరు పట్టుబట్టినారు. టిప్పు నాయన హైదర్ అలీ కడప సీమను ఎవరి చేతిలోంచి గుంజుకున్నాడు? కడప నవాబు చేతిలోంచి. ఆయనా ముసల్మానే! ఈ ముక్క ఇటువాళ్లకూ పనికిరాదు, అటువాళ్లకూ పనికిరాదు. అక్కడ గొడవ చరిత్ర గురించి కాదు, ఈ ఊరు ఎవరిదని చెప్పుకోవాలన్నదాని గురించి. అట్లాంటిచోట పుస్తకాలు చూపించి గెలవలేవు.

2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఊరి శాంతికి సంబంధించిన తగాదాలకు ఒక అధ్యాయం పెట్టినారు. ఆ పద్ధతిలో కుదిరిన ఒప్పందాన్ని కోర్టు డిక్రీలాగా అమలు చేయించలేం. వాళ్లు నిలబెట్టుకుంటేనే నిలుస్తుంది. కాబట్టి కాగితంలో 'తప్పు ఒప్పుకున్నాడు' అని రాయొద్దు. నీళ్ల తగాదా అయితే ఎవరికి ఎన్ని గంటల నీళ్లు, బిల్లు ఎవరు కట్టాల, మోటారు కాలితే ఖర్చెవరిది, అంతవరకే రాయి. సంతకాలకు ముందు ఒకరోజు ఆగి, రెండిళ్లలో ఆడవాళ్లకు కూడా చదివి వినిపించు. అభ్యంతరం ఉంటే అక్కడే బయటపడుతుంది.

మీ పెద్దనాయన