కొత్త రికార్డు – విమర్శకుల మెప్పు
(గురెట్స్కి మూడవ సింఫనీ: ఒక పరిశీలన)

సంగీతం అనగానే మనలో చాలామందికి సినిమా పాట, కొద్దిమందికి త్యాగరాజ కీర్తన గుర్తుకొస్తాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమంటే బీథోవెన్, మొజార్ట్ పేర్లు వినడమే గానీ, మన కాలంలోనూ ఆ సంప్రదాయంలో కొత్త కృతులు పుడుతున్నాయనీ, వాటి రికార్డుల మీద విమర్శకులు వాదించుకుంటారనీ తెలిసినవారు తక్కువ. భౌతికశాస్త్రం చదివే రైతుబిడ్డకు ఇందులో ఏం పని అని మీరు అడగవచ్చు. మా నాన్న కూడా అదే అడిగాడు. వినే చెవులూ, తెలుసుకోవాలనే కోరికా తప్ప నాకు వేరే అర్హత లేదు. ఒకే ఒక్క కృతిని తీసుకొని, విమర్శకుడి మెప్పుకు అసలు విలువెంత అన్న ప్రశ్నను ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

కృతి పరిచయం

హెన్రిక్ గురెట్స్కి పోలండ్‌లోని సిలీసియా ప్రాంతంలో 1933లో పుట్టి, 2010లో మరణించిన స్వరకర్త. 1960 ప్రాంతంలో చెవులు అదిరిపోయే ప్రయోగాలకు ఆయన పేరుపొందాడు. ఆ మనిషే క్రమంగా దారి మార్చి, 1976లో తన మూడవ సింఫనీని రాశాడు. దానికి శోకగీతాల సింఫనీ అని పేరు. మూడు భాగాలూ విలంబ కాలంలోనే నడుస్తాయి. సొప్రానో, అనగా హెచ్చు స్థాయి స్త్రీ గొంతు, మూడింటిలోనూ పాడుతుంది.

మొదటి భాగంలోని మాటలు 15వ శతాబ్దపు ఒక పోలిష్ విలాపగీతంలోవి. సిలువపై చనిపోతున్న కొడుకుతో మేరీమాత మాట్లాడుతుంది. రెండవ భాగంలోని మాటలు 1944లో జకొపానె పట్టణంలో నాజీ రహస్య పోలీసుల చెరలో పడిన పద్దెనిమిదేళ్ళ పిల్ల గోడమీద గీసినవి. తనను ఏడవవద్దని ఆమె తల్లిని వేడుకొంటుంది. ఇతర ఖైదీల రాతల్లో ఆక్రోశం, పగ కనిపించగా, ఈ పిల్ల మాత్రం తల్లిని గురించే ఆలోచించడం తనను కదిలించిందని గురెట్స్కి చెప్పుకొన్నాడు. మూడవది జానపదగీతం. పోరాటంలో చనిపోయిన కొడుకు శవం కూడా దొరకని తల్లి పాడే పాట.

మొదటి భాగం నిర్మాణం చూడదగ్గది. అట్టడుగున డబుల్ బాస్ వాద్యాలు ఒక పాటను ఎత్తుకుంటాయి. అది సాగుతుండగానే ఇంకో వాద్య బృందం అదే పాటను పంచమం ఎత్తులో అందుకుంటుంది. తరువాత ఇంకొకటి, ఆపైన మరొకటి. ఒకే చేలో నాలుగు అరకలు కట్టినప్పుడు ముందు అరక పోతూ ఉండగానే వెనుక అరక దిగుతుంది చూడండి, అలాగన్నమాట. ఈ పద్ధతిని వారు కేనన్ అంటారు. మొదట వినిపించే స్వరాలు మన నఠభైరవి మేళంలోని స్వరాలే. కాని గమకం లేదు. నడిమిన గొంతు వచ్చి పాడి వెళ్ళాక, ఎక్కిన మెట్లే దిగుతూ సంగీతం మళ్ళీ అడుగుకు చేరుతుంది.

విమర్శకుల తీర్పు

ఈ సింఫనీ తొలి ప్రదర్శన 1977లో ఫ్రాన్సులోని రొయాఁ ఉత్సవంలో జరిగింది. అక్కడికి వచ్చిన పాశ్చాత్య విమర్శకులు దీన్ని తీసిపారేశారు. మూడు పాత బాణీలు తప్ప ఏమీ లేదనీ, 55 నిమిషాలు ఈడ్చాడనీ ఒకరు రాశారు. క్లిష్టతే కొత్తదనమని నమ్మిన రోజులవి. సులభంగా అర్థమయ్యే స్వరాలను పదేపదే వినిపించడం వారికి వెనుకడుగుగా తోచింది.

వారిని నేను తప్పుపట్టలేను. ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా పెదనాన్న పొలంలో పిడుగుపడి పోయాడు. ఆ తరువాత ఏడాది పొడుగునా మా నాయనమ్మ పొద్దుగూకేవేళ అరుగుమీద కూచుని శోకాలు పెట్టేది. అదే రాగం, అవే నాలుగు మాటలు. "రోజూ అదేనా నాయనమ్మా!" అని విసుక్కొని పుస్తకాలు పట్టుకొని పక్కింటికి పోయేవాడిని. మాట మారకపోవడమే ఆ దుఃఖమని అప్పుడు నాకు తట్టలేదు.

1992 నాటి రికార్డు

స్తెఫానియా వొయ్తోవిచ్ పాడిన రికార్డులు ముందే ఉన్నా, అవి కొద్దిమంది రసికుల దగ్గరే ఉండిపోయాయి. 1992లో నన్‌సచ్ కంపెనీ కొత్త రికార్డు విడుదల చేసింది. గాయని డాన్ అప్‌షా, వాద్యబృందం లండన్ సిన్ఫోనియెట్టా, నిర్వాహకుడు డేవిడ్ జిన్‌మన్. విమర్శకులు మెచ్చారు. అదే ఏడు ఇంగ్లండులో మొదలైన క్లాసిక్ ఎఫ్.ఎం. రేడియో రెండవ భాగాన్ని మళ్ళీమళ్ళీ వినిపించింది. 1993లో ఇది అక్కడి పాప్ ఆల్బముల పట్టికలో 6వ స్థానానికి ఎక్కింది. మొత్తం మీద పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. స్వరం ఒక్కటీ మారలేదు. మారింది వినేవారి కాలం, పాడిన గొంతు, చేరవేసిన సాధనం.

సాధనం గురించి సైన్సు విద్యార్థిగా ఒక మాట. డబుల్ బాస్ అడుగు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఈ సింఫనీ మొదట్లో ఆ మంద్రస్థాయి నాదం వినీవినపడనంత మెల్లగా వస్తుంది. పాత గ్రామఫోను రికార్డులో ముల్లు రాపిడి చప్పుడు ఇలాంటి మెత్తని నాదానికి శత్రువు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కులో ముల్లు లేదు. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాస్తారు. పైగా 54 నిమిషాల కృతిని మధ్యలో తిరగవేయకుండా వినవచ్చు. ఫోనులోని చిన్న స్పీకరు 41 హెర్ట్జ్ ధ్వనిని పలికించలేదు. కాబట్టి మిత్రులారా, హెడ్‌ఫోన్ పెట్టుకొని వినండి. లేకపోతే మొదటి నిమిషాల్లో ఏమీ లేదని మీరూ తీర్పు చెప్పేస్తారు!

మెప్పును ఎలా చదవాలి?

రికార్డు సమీక్షలో మూడు సంగతులను వేరుచేసి చూడాలని నాకు తోస్తున్నది. ఒకటి, కృతి. రెండు, దాన్ని వాయించి పాడిన తీరు. మూడు, ధ్వనిని పట్టిన తీరు. అప్‌షా గొంతు తేలికగా, స్వచ్ఛంగా ఉండి, చెరసాలలోని పిల్ల మాటలకు అతికినట్లుంటుంది. ఇది రెండవ కోవకు చెందిన మెప్పు. "మనసుకు హాయి" అన్న మెప్పు మాత్రం ఏ కోవకూ చెందదు. కొడుకు శవం కోసం వెతికే తల్లి పాట హాయిగా ఉందంటే, మనం సరిగా వినలేదన్నమాటే. 1977లో విసుక్కొన్నవారూ, తరువాత దీన్ని నిద్రపాటగా వాడుకొన్నవారూ ఒక విధంగా ఒకే పొరపాటు చేశారు. ఇద్దరూ మాటలు పట్టించుకోలేదు.

ఈ పరీక్షకు మరో రికార్డు తోడ్పడుతుంది. 2014లో వార్సాలో జరిగిన కచేరీని 2019లో విడుదల చేశారు. నిర్వాహకుడు పెండెరెట్స్కి. ఆయన కూడా 1933లో పుట్టిన పోలిష్ స్వరకర్తే. పాడింది బెత్ గిబ్బన్స్. పోర్టిస్‌హెడ్ అనే పాప్ బృందం గాయని. శాస్త్రీయ శిక్షణ పొందిన గొంతు కాదు. పై స్థాయిలో వణుకు, ఒరిపిడి తెలుస్తూనే ఉంటాయి. శ్రుతి శుద్ధిలో అప్‌షాదే పైచేయి. కాని మూడవ భాగంలో గిబ్బన్స్ గొంతు పాటకత్తెలా కాక, ఇంటి మనిషిలా వినిపిస్తుంది. ఏది గొప్ప అనడం కంటే, ఏది ఏం చూపించింది అని చెప్పడమే మంచి విమర్శ పని.

ముగింపు

అమ్మకాలు ఎక్కువైనంత మాత్రాన కృతి గొప్పదైపోదు. విమర్శకులు తిట్టినంత మాత్రాన చెడ్డదీ కాదు. తీర్పు చెప్పి తలుపు మూసేవాడికంటే, మరోసారి వినమని కూర్చోబెట్టేవాడే నిజమైన విమర్శకుడు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా నాయనమ్మ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి మూడవ భాగం వినిపించాను. పాట అర్థం ముందే చెప్పాను. కాసేపు విని, "ఇంత మెల్లగా ఏడిస్తే ఎప్పటికి తెల్లారేనురా!" అన్నది. హెడ్‌ఫోన్ మాత్రం తీయలేదు. పాట అయిపోయేదాకా, సుమారు పదిహేడు నిమిషాలు, కదలకుండా కూర్చుంది. ఈసారి నేను పక్కింటికి పోలేదు.

ఇందులో పొరపాట్లుంటే విజ్ఞులైన అధ్యాపకులు సరిదిద్దగలరని, మిత్రులు ఒక్కసారైనా ఈ సింఫనీని పూర్తిగా వినగలరని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.