కొల్లేటి బడికి పెద్ద ఎవరు?

కొల్లేరు పేరు విననివారు మన తిరువూరు వైపు ఉండరు. 2022 దాకా తిరువూరు, కైకలూరు ఒకే జిల్లాలో ఉండేవి. అదే కృష్ణా జిల్లా. ఆ ఏడు జిల్లాలను విడదీశారు. మనది ఎన్.టి.ఆర్. జిల్లా అయింది. కైకలూరు ఏలూరు జిల్లాలోకి పోయింది. కాగితం మీద గీతలు మారాయి. నీరు పారే దారి మాత్రం మారలేదు.

మనం బెజవాడ బస్సెక్కితే దారిలో మైలవరం వస్తుంది గదా! ఆ కొండల్లో పుట్టిన వాగే బుడమేరు. అది పోయి పోయి కొల్లేట్లో కలుస్తుంది. చింతలపూడి వైపు నుంచి వచ్చే తమ్మిలేరు కూడా అక్కడికే చేరుతుంది. కొల్లేట్లో నిండిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. కొల్లేరు ఒక పెద్ద తొట్టి లాంటిది. వరదను పట్టి ఉంచుతుంది. మెల్లమెల్లగా వదులుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడ్డాయి. బెజవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. మనలో చాలామందికి అక్కడ చుట్టాలున్నారు. వాగు సంగతి మనకెందుకులే అని ఆ రోజు ఎవరూ అనుకోలేదు.

ఏడాదిలో కొంతకాలమైనా నీరు నిలిచే నేలను చిత్తడి నేల అంటారు. చెరువు, మడుగు, బాడవ, మడ అడవి, అన్నీ చిత్తడి నేలలే. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్ దేశంలోని రామ్‌సర్ అనే ఊళ్లో కొన్ని దేశాలు కూర్చుని, ఇలాంటి నేలలను కాపాడాలని ఒప్పందం రాసుకున్నాయి. తరువాత మన దేశమూ అందులో చేరింది. 2002లో కొల్లేరు ఆ పట్టికకెక్కింది. అంతకుముందే, 1999లో, ప్రభుత్వం 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది.

కైకలూరు పక్కన ఆటపాక అనే ఊరు ఉంది. అక్కడి చెరువులో గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. ముక్కు కింద సంచి ఉండే పెద్ద పక్షి అది. ఆ పక్షులు గూళ్లు కట్టుకోడానికి అటవీ శాఖవారు నీళ్లలో ఇనప మంచెలు నిలబెట్టారు. చెరువు గట్టున పర్యావరణ విద్యా కేంద్రం కూడా పెట్టారు. అంటే కొల్లేటిని గురించి చెప్పే బడి. పిల్లలు వస్తారు. పడవెక్కి పిట్టల్ని చూస్తారు. బొమ్మలు చూస్తారు. ఇంటికి పోతారు.

మరి ఇలాంటి బడిని నడిపే పెద్ద ఎవరు? ఆ మనిషిని ఎవరు ఎంచుతారు? ఎలా ఎంచుతారు? ఈ పాఠం దాని గురించే.

ఉద్యోగి రెండు దారుల్లో వస్తారు. ఒకటి బదిలీ. అటవీ శాఖలో రేంజి అధికారులను ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష పెట్టి తీసుకుంటుంది. ఆ తరువాత ఎవరు ఎక్కడ పని చేయాలో శాఖే చెబుతుంది. ఈ దారిలో ఊళ్లో వాళ్లకు ప్రకటన కనపడదు. పాత అధికారి వెళ్తారు, కొత్త అధికారి వస్తారు. రెండోది ప్రకటన. పేపర్లో వేస్తారు. ఏ చదువు కావాలి, వయసెంత, జీతమెంత, ఆఖరి తేదీ ఏది, అన్నీ అందులో ఉంటాయి. దరఖాస్తులు వస్తాయి. ఎంపిక సంఘం కూర్చుని ఇంటర్వ్యూ చేస్తుంది. ప్రకటన చదివేటప్పుడు ముందు ఆఖరి తేదీ చూడండి, తరువాత చదువు చూడండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఉండాలని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతోంది. ఆడ, మగ తేడా చూపకూడదు. అడవి శాఖ ఉద్యోగం మగవాళ్లదే అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. కొల్లేటి బడికి డైరెక్టరు కావాలి. ఎంపిక సంఘంలో మిమ్మల్నీ కూర్చోబెట్టారు. ముగ్గురు వచ్చారు.

మొదటి ఆయన పెద్ద చదువు చదివారు. రెక్క చూసి పిట్ట పేరు చెప్పగలరు. ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలరు. రెండో ఆమె ఆఫీసు నడిపిన మనిషి. లెక్కలు రాయగలరు. పై అధికారులకు ఉత్తరాలు రాసి డబ్బు తేగలరు. మూడో ఆమెది కొల్లేటి లంక గ్రామం. దోనె నడపగలరు. ఏ నెలలో నీరు ఎక్కడిదాకా వస్తుందో, కిక్కిస ఎక్కడ పెరుగుతుందో, గుర్రపుడెక్క ఎక్కడ కమ్ముకుందో ఆమెకు తెలుసు. చదువు పదో తరగతి.

ఎవరిని తీసుకుంటారు?

“చదువుకున్నాయన్నే తీసుకోవాలి. బడి గదా!” అంటారు ఒక అక్క.

“పిట్ట పేర్లు చెబితే సరిపోతుందా వదినా? జీతాలు రాకపోతే బడికి తాళం పడుతుంది” అంటారు ఇంకొకరు.

“కొల్లేట్లో పుట్టిన పిల్లకు తెలిసినంత వీళ్లకు తెలుస్తుందా?” అంటారు మూడో ఆమె.

ముగ్గురి మాటా నిజమే. తేల్చుకోవాలంటే కొల్లేట్లో జరిగింది కొంచెం తెలియాలి.

కొల్లేట్లో తరతరాలుగా వడ్డివారు చేపలు పట్టి బతికారు. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. పేదలు బాగుపడతారని చెప్పింది. కొందరు బాగుపడ్డారు. పోనుపోను డబ్బున్నవాళ్లు లోపలికి వచ్చారు. పేదల చెరువులు లీజుల పేరుతో పెద్దల చేతుల్లోకి పోయాయి. కొల్లేటి నిండా గట్లు లేచాయి. నీటికి దారి లేకుండా పోయింది. పిట్టలు తగ్గాయి. చుట్టూ నీరే, అయినా తాగడానికి మంచినీళ్లు లేక లంకల్లో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని తిరిగారు. 2006లో కోర్టు ఆజ్ఞ ప్రకారం ప్రభుత్వం చెరువు గట్లు కొట్టేసింది. సరస్సుకు అది అవసరమే. కాని లీజుకిచ్చిన పేదవాడికి, లీజు తీసుకున్న పెద్దవాడికి దెబ్బ ఒకేలా తగలదు గదా! పెద్దవాడు ఇంకో చోట చెరువు తవ్వుకున్నాడు. పేదవాడు కూలికి పోయాడు. పిట్టల కోసం మా నోటి కూడు తీశారు అనే మాట ఆ ఊళ్లలో అప్పుడు పుట్టింది.

బడి పెద్ద పని చేయాల్సింది ఆ మాట మధ్యనే. బస్సులో వచ్చిన పిల్లలకు గూడబాతును చూపించడం తేలిక. చెరువు పోయిన ఇంటి ఆడమనిషి గేటు దగ్గర నిలబడి, “ఈ పిట్టల వల్ల మాకేమొచ్చింది?” అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఆ జవాబు పుస్తకంలో ఉండదు. ఆమె ఎదుట కూర్చుని వినాలి. ఆమెకు బడిలో పడవ నడిపే పనో, వచ్చినవాళ్లకు భోజనం పెట్టే పనో దొరుకుతుందా అని చూడాలి. అందుకే ఇంటర్వ్యూలో నేనైతే పిట్టల పేర్లు ఆఖరున అడుగుతాను. ముందు ఇది అడుగుతాను: “గొడవ పడిన రెండు ఊళ్లను ఎప్పుడైనా ఒకచోట కూర్చోబెట్టారా? ఎలా కూర్చోబెట్టారు?”

ఇంతకీ ముగ్గురిలో నా ఓటు మూడో ఆమెకు. లెక్కలు రాయడానికి గుమాస్తాను పెట్టుకోవచ్చు. పిట్టల సంగతి చెప్పడానికి చదువుకున్నాయన్ను పక్కన ఉంచుకోవచ్చు. ఊరి నమ్మకాన్ని జీతానికి తెచ్చుకోలేం. కాని నిబంధనలో డిగ్రీ ఉండాలని రాస్తే ఆమె దరఖాస్తు మొదటి రోజే పక్కకు పోతుంది. కాబట్టి తగువు ఇంటర్వ్యూ రోజున కాదు, ప్రకటన రాసే రోజునే పడాలి. మీరు వేరే మనిషికి ఓటు వేస్తే మీ కేంద్రంలో చెప్పండి, వాదించుకోండి.

పెద్ద బాగుంటే పని ఎలా ఉంటుందో మన పక్క రాష్ట్రంలో చూడవచ్చు. ఒడిశాలో చిల్కా అనే పెద్ద ఉప్పునీటి సరస్సు ఉంది. సముద్రంతో కలిసే నోరు పూడిపోయి చేపలు తగ్గాయి. 1993లో దాన్ని ఆపదలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో రాశారు. సరస్సును చూసుకోడానికి చిల్కా అభివృద్ధి సంస్థ ఉంది. అటవీ అధికారి అజిత్ కుమార్ పట్నాయక్ దాన్ని నడిపారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త నోరు తెరిచారు. జాలరి ఊళ్లను పనిలో కలుపుకున్నారు. చేపలు మళ్లీ పెరిగాయి. 2002లో చిల్కా ఆపద పట్టిక నుంచి బయటపడింది. అదే ఏడు ఆ సంస్థకు రామ్‌సర్ బహుమతి వచ్చింది. చిల్కాకూ కొల్లేటికీ తేడాలున్నాయి. అక్కడ తెరవాల్సింది సముద్రం నోరు. ఇక్కడ తేల్చాల్సింది మనుషుల మధ్య తగువు.

ఎంపిక సంఘంలో మనల్ని నిజంగా ఎవరూ కూర్చోబెట్టరు. కాని అడిగే హక్కు మనకుంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తెల్ల కాగితం మీద రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు. మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు రుజువు కాగితం జత చేస్తే ఫీజు కట్టనక్కరలేదు. ఈ ఉత్తరం పైకి చదవండి. తరువాత చూసి రాయండి.

పౌర సమాచార అధికారి గారికి,
జిల్లా అటవీ అధికారి కార్యాలయం, ఏలూరు.
అయ్యా,
సమాచార హక్కు చట్టం, 2005 కింద ఈ వివరాలు కోరుతున్నాను. ఆటపాక పర్యావరణ విద్యా కేంద్రం బాధ్యత ఇప్పుడు ఏ హోదా గల ఉద్యోగిది? ఆ బాధ్యత ఇచ్చిన ఉత్తర్వు నకలు ఇప్పించండి. కేంద్రంలో పని చేసేవారిలో కొల్లేటి గ్రామాలవారు ఎందరు? వారిలో స్త్రీలు ఎందరు?
ఇట్లు,
సంతకం, పూర్తి చిరునామా, తేదీ.

ఉత్తరం ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకుపోండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. 30 రోజులు ఆ తేదీ నుంచే లెక్క.