మిగిలిన పండే మొదటి పాఠం

మామిడి చెట్టున్న ఇళ్లలో మే నెలాఖరుకు పండ్లు తిన్నన్ని తిని, చుట్టుపక్కలవారికి పంచి, తాండ్ర పోసుకున్నా ఇంకా మిగులుతాయి. తొలకరి పడగానే రాలినవన్నీ చెత్తకుప్పకు చేరతాయి. వీధివాళ్లంతా కలిసి అంటు కట్టే విద్య నేర్చుకోవడానికి అదే అదను.

చాలామంది కొత్త పనికి జంకేది చేతిలో ఉన్నది పాడైపోతుందేమోనని. డబ్బు పెట్టి కొన్న మొక్క మీద కత్తి పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఊరికే వచ్చిన టెంక దగ్గర ఆ బెదురు ఉండదు. పది పోయినా పదకొండోది ఉంటుంది. అందుకే నేర్చుకునేవాడికి సమృద్ధిని మించిన గురువు లేడు.

టెంకను ఎండబెట్టి దాచకండి, మొలకశక్తి పోతుంది. తాజాగా ఉండగానే గట్టి పెంకు తీసి, లోపలి జీడిని మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపిన సంచిలో నాటండి. అడుగున చిల్లులు పెట్టిన ఖాళీ పాల ప్యాకెట్టు చాలు. అయితే బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే కాస్తుందన్న నమ్మకం లేదు. కోరిన రకం కావాలంటే అంటు కట్టాల్సిందే.

మొలక ఆకులు ఇంకా రాగిరంగులో ఉండగానే తల తుంచి, కాండాన్ని నిలువునా చీల్చాలి. మంచి చెట్టు నుంచి అంతే మందమున్న కొమ్మ తెచ్చి, కొనను రెండువైపులా ఏటవాలుగా చెక్కి, చీలికలో దించి, పాలిథిన్ పట్టీతో బిగించాలి. ఆ కొమ్మకు వారం పది రోజుల ముందే ఆకులు తుంచి ఉంచితే మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో గాలిలోని తేమ అంటుకు తోడవుతుంది.

ఈ పని వీధి వీధంతా కలిసి చేయండి. ఎవరి పెరట్లో ఏ రకం ఉందో పెద్దలు చెబుతారు. కొమ్మ అడిగి తెచ్చే పని పిల్లలకు ఇవ్వండి, పెద్దల దగ్గర మాట్లాడే తీరు దానంతటదే అలవడుతుంది. ప్రతి సంచి మీద కట్టినవారి పేరు, తేదీ రాయండి. ఎండిపోయిన అంటును విసిరేయకుండా కట్టు విప్పి అందరూ చూడండి. కోత వంకరగా పోయిందా, పట్టీ వదులైందా, కొమ్మ ముదిరిందా? తప్పును దాచకుండా పదిమందిలో పరిశీలించే అలవాటు ఉన్నవాడు ఏ రంగంలోనైనా ఎదుగుతాడు.

ఈ ఏడాది అంటు కట్టడం వచ్చినవాళ్లు, వచ్చే ఏడాది ఇద్దరికి నేర్పాలని మాట ఇచ్చుకోండి. పండు పంచితే ఒక పూటకు సరి. పని నేర్పితే వీధికో తోట.