వరుస మారినా దారి తప్పని గంటలు



మన విచారణలలో త్రికాల జపానికీ, దివ్యబలిపూజకూ గంట మోగుతుంది. ఇంగ్లండులోని అనేక దేవాలయాలలో ఒకే గోపురంలో ఆరో, ఎనిమిదో గంటలుంటాయి. ఒక్కొక్క తాడు దగ్గర ఒక్కొక్కరు నిలబడి, వరుస మార్చి మార్చి మోగిస్తారు. దీనిని ‘చేంజ్ రింగింగ్’ అంటారు. ఇది ఎక్కువగా ఆంగ్లికను దేవాలయాలలోనూ, కొన్ని కతోలిక దేవాలయాలలోనూ ఉన్నది. దీనిని గురించిన తొలి గ్రంథం 1668లోనే అచ్చయింది.

ఇందులో పాట ఉండదు. ఎందుకని? అక్కడ గంటను పెద్ద చక్రానికి బిగిస్తారు. నోరు పైకి ఉండేలా నిలిపిన గంట, తాడు లాగగానే దాదాపు పూర్తి చుట్టు తిరిగి, మళ్లీ నోరు పైకి వచ్చి నిలుస్తుంది. అంత బరువును మనకు తోచినప్పుడు ఆపలేము. కాస్త నిదానింపజేయగలం, కాస్త త్వరపెట్టగలం, అంతే. కనుక ప్రతి మార్పులో గంట ఒక్క స్థానమే జరుగుతుంది, లేదా ఉన్నచోటే ఉంటుంది.

కొత్తవారు మొదట నేర్పేవారి పక్కన నిలబడి, తాడును అదుపులో ఉంచడం అభ్యసిస్తారు. తరువాత చిన్న గంట మొదలు పెద్ద గంట వరకు వరుసగా మోగిస్తారు. ఆ పిమ్మట ‘ప్లెయిన్ హంట్’ అనే పాఠం. గంటలు నాలుగే అనుకొని, కాగితం మీద వ్రాసి చూడండి:

1 2 3 4
2 1 4 3
2 4 1 3
4 2 3 1
4 3 2 1
3 4 1 2
3 1 4 2
1 3 2 4
1 2 3 4

ఒకసారి రెండు జతలూ స్థానాలు మార్చుకుంటాయి. మరుసారి మధ్యనున్న జత మాత్రమే. ఇప్పుడు 1 మీద వేలు పెట్టి క్రిందికి రండి. అది మెల్లగా చివరకు వెళ్లి, అక్కడ రెండుసార్లు మోగి, తిరిగి ముందుకు వస్తుంది. మిగిలిన మూడింటి దారీ అదే. బయలుదేరే చోటు మాత్రమే వేరు.

తరువాతి పాఠం ‘ప్లెయిన్ బాబ్’. 1 3 2 4 వచ్చినప్పుడు మధ్య జతకు బదులు చివరి జతను మార్చి 1 3 4 2 అంటారు. ఇలా మూడుసార్లు చేస్తే, నాలుగు గంటలకు సాధ్యమైన 24 వరుసలూ ఒక్కొక్కసారే వస్తాయి. ఏడు గంటలకైతే 5,040 వరుసలు. వాటికి సుమారు మూడు గంటల కాలం పడుతుంది. ఎవరి చేతిలోనూ కాగితం ఉండదు!

ఇది ఎలా సాధ్యం? వారు అంకెలన్నీ కంఠస్థం చేయరు. తన గంట నడిచే దారిని మనసులో నిలుపుకొని, తనకు ముందు ఏ తాడు దిగుతున్నదో చూస్తారు. అంకెలు మాత్రమే వల్లించేవాడు ఒకటి మరచిపోతే అక్కడే ఆగిపోతాడు. పక్కవారిని చూసేవాడు మళ్లీ తన స్థానం అందుకుంటాడు.

ఈ విద్య మనిషి నుండి మనిషికే అందాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 1,400 మంది గంటలు మోగించేవారు మరణించారు. ఆ యుద్ధం ముగిసిన నూరేళ్లకు, 2018లో, అంతమంది కొత్తవారికి నేర్పాలని బ్రిటనులో ఒక ఉద్యమం నడిచింది. చనిపోయినవారి తాళ్లను మరొకరు అందుకోవాలన్నదే ఆ తలంపు.

తల్లిదండ్రులారా! మీ ఇంట్లో జపం నడిపించేది ఎప్పుడూ ఒక్కరేనా? పిల్లలకు కూడా ఒక తాడు అందించారా?

ఈ ఆదివారం సత్యోపదేశం అయ్యాక నలుగురు పిల్లలకు 1, 2, 3, 4 అని పేర్లు పెట్టి, పై వరుసల ప్రకారం చప్పట్లు కొట్టించండి. కాగితం చూడకుండా తిరిగి 1 2 3 4కు చేరుకుంటే, తొలి పాఠం వచ్చినట్లే.