చెరువుకట్ట మీది చదువు

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. ములుగు ప్రాంతమున, పెద్ద చెరువు క్రింది యూరిలో నీకు ఉపాధ్యాయినిగా నియామకము లభించినదనియు, బడిపిల్లలను నెలకొకమారు ఆరుబయటికి తోడ్కొనిపోయి చుట్టుపట్ల ప్రకృతిని చూపింపదలచితివనియు, అందులకు తగిన స్థలములేవో తెలుపుమనియు వ్రాసితివి. స్థలముల పట్టికను నేను పంపబోను. ఉన్న ఊరి చెరువు నొక్కదానినే విడువక పట్టుకొనుమనియు, దానిని పిల్లలకు మాత్రమే కాక ఊరిలోని అన్ని వయసుల వారికిని బడిగా చేయుమనియు చెప్పుటకే ఈ దీర్ఘలేఖ.

ఒకనాడు బస్సెక్కి పోయి, గంటసేపు చూచి, నాలుగు ఛాయాచిత్రములు తీసుకొని తిరిగివచ్చు విహారయాత్రను నేను నిందింపను. పిల్లలకు ఆనందము కలిగించు పనిని నిందించుటకు నాకు మనసొప్పదు. కాని దానితో చదువు ముగిసినదనుకొనరాదు. మీకు సమీపముననే పాలంపేటలో రామప్ప దేవాలయము గలదు. కాకతీయ గణపతిదేవుని సేనాని యగు రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిన పిదప, నానా ప్రాంతముల నుండి విద్యార్థులు వచ్చి, నల్లరాతి మదనికలను చూచి, నీటిపై తేలు ఇటుకల ముచ్చట విని వెడలిపోవుచున్నారు. అనతిదూరముననే యున్న రామప్ప చెరువు కట్ట నెక్కి, తూము వద్ద నిలిచి, ఈ నీరు ఎవరి పొలమునకు పోవుచున్నదని అడిగిన వారు వారిలో ఎందరుందురు? కాకతీయుల నాడు ఊరును గుడియు చెరువును ఒక్క సంకల్పమున పుట్టినవి. గుడిని చూచి చెరువును చూడకుండుట ఆ సంకల్పములో సగమును చదివి పుస్తకము మూయుటయే.

పాకాల, లక్నవరము, రామప్ప, ఘనపురము మొదలగు మహాతటాకములకు పేరున్నది. కాని వాటి నడుమ పేరు ప్రతిష్ఠలు లేని చిన్న చెరువులు వేలసంఖ్యలో గొలుసుకట్టుగా నేర్పడి, ఎగువ చెరువు మత్తడి దుంకిన నీరు దిగువ చెరువునకు చేరునట్లు, ఏ వాగు నీరును వృథా కానట్లు, భూమి వాలును కన్నులతోను పాదములతోను కొలిచి తెలిసికొన్న వారి చేత నిర్మింపబడినవి. స్త్రీలకు ఇందు పాలు లేదనుకొనకుము. బయ్యారము చెరువును నిర్మింపజేసి, అచ్చట శాసనము వేయించినది గణపతిదేవుని సోదరి మైలాంబ. కాకతీయుల వంశక్రమమును నిర్ణయించుటకు చరిత్రకారులకు ఆ శాసనము ముఖ్యాధారములలో నొకటి. ఈ సంగతి నీ తరగతిలోని ఆడపిల్లలకు తప్పక చెప్పుము.

ఇక అసలు విషయమునకు వత్తును. చెరువును గూర్చిన జ్ఞానము ఏ ఒక్కరి వద్దను పూర్ణముగా లేదు. అది ఊరిలో వృత్తిని బట్టి, వయసును బట్టి ముక్కలుగా పంచుకొనబడి యున్నది. తూము తెరచి మూయు నీరటికాడు, నీటిమట్టము తగ్గినకొలది పై రంధ్రపు బిరడా తరువాత క్రింది రంధ్రపు బిరడాను ఎప్పుడు తీయవలెనో, ఆయకట్టు కొసనున్న మడికి నీరు చేరుటకు ఎన్ని జాములు పట్టునో ఎరుగును. వల వేయు ముదిరాజు, చెరువు అడుగున ఎక్కడ బురదయో ఎక్కడ రాయియో కాలితో తడిమి చెప్పగలడు. కొర్రమీను గాలిని పీల్చి బురదలో సైతము బ్రతుకుననియు, తన పిల్లల గుంపును వెన్నంటి కాచుననియు అతడు కన్నులార చూచియున్నాడు. కుమ్మరి ఏ మూల మన్ను కుండకు నిలుచునో చెప్పును. చాకలి ఏ రేవున నీరు నురుగు పట్టునో చెప్పును. గొల్ల, ఎండకాలమున నీరు వెనుకకు తీసినకొలది శిఖములో, అనగా చెరువు లోపలి నేలలో, మొదట మొలచు గడ్డి ఏదో, గొర్రెలు దేనిని ముట్టవో చెప్పును. కట్ట మీది తాళ్ళ నెక్కు గౌడు, ఆ యెత్తున నుండి ప్రతి ఉదయమును చెరువును చూచువాడు. వీరిలో పలువురు బడి గడప త్రొక్కినవారు కారు. తమకు తెలిసినది విద్య యని వారితో ఎవరును ఇంతవరకు అనలేదు. నీవు అనవలెను. అనుటతో ఆగక, వారిని కట్ట మీదికి గురువులుగా పిలిచి, వారి మాటలను నీ విద్యార్థుల చేత వ్రాయించి, వ్రాసినదానిని వారి యెదుట చదివించి, తప్పులను వారి చేతనే దిద్దింపవలెను. నీటి విద్యను తరతరములుగా మోసిన నీరటివారిని ఊరు ఏ కొసన నుంచినదో నీకు తెలియును. చెరువుకట్ట మీద వారికి మొదటి పీట వేయుట చదువులో భాగమే.

స్త్రీల జ్ఞానము వేరొక దారిని నడచినది. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూలు మొదలుకొని సద్దుల వరకు సాగు బతుకమ్మ పండుగను నీవు చిన్ననాటినుండి ఆడితివి గాని, అన్ని వయసుల వారును కలిసి నేర్చుకొను బహిరంగ పాఠశాల యని దానిని ఎన్నడైన తలచితివా? ముసలమ్మ మొదలు మూడేండ్ల పిల్ల వరకు చేల గట్లకును గుట్టలకును పోయి, గునుగు ఏ చేలలో విరివిగా లేచునో, తంగేడు ఏ పడావు నేలల పూచునో, కట్లపూలు ఏ కంచెల నుండునో తెలిసి కోసుకొని వత్తురు. ఈ తంగేడు బెరడుతోనే పూర్వము తోలును పదును చేసెడివారు. ఈ గునుగు లేతాకును కూరగా వండెడివారు. కలుపు మందులు చల్లుట పెరిగిన చేలలో గునుగు ఎట్లున్నదో, ఏ పూవునకై ఇప్పుడు ఎంతదూరము నడువవలసి వచ్చుచున్నదో పూలు కోయు అవ్వలను అడిగి, వారి యౌవనమున కోసిన తావులను ఇప్పటి తావులతో పోల్చి ఒక పటము గీయించినచో, ఊరి భూమి ఏబదియేండ్లలో ఎట్లు మారినదో ఆ పటమే చెప్పును. అటువంటి పటమును ఏ ప్రభుత్వ శాఖయు నీకు ఇవ్వజాలదు.

వృద్ధులను చెప్పువారిగా మాత్రమే నిలుపుట కూడ నాకు సమ్మతము కాదు. ముసలివారు జ్ఞాపకముల మూటలనియు, పిల్లలు వచ్చి విప్పుకొనిపోవలెననియు తలచుట వారిని గౌరవించుట కాదు. వారికిని క్రొత్తది నేర్చుకొను ఆశ యుండును. ఈ వయసున నాకు ఉన్నది గనుకనే చెప్పుచున్నాను. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2009లో ప్రారంభించిన భువన్ పటములను నీ ఫోనులో తెరచి, జీవితమంతయు కట్ట క్రింద నడచిన నీరటికాని చేతికిమ్ము. తన చెరువునకు ఎగువ ఏ చెరువున్నదో, తన మత్తడి నీరు ఏ వాగున కలిసి ఏ ఊరు చేరుచున్నదో ఆకాశము నుండి చూచినట్లు అతడు చూచును. ఆ చూపుతో అతడు అడుగు ప్రశ్నలు నీ పాఠ్యపుస్తకములో ఉండవు. పదేండ్ల బాలుడు ఆ పటమును వ్రేలితో జరుపుచుండగా, డెబ్బదియేండ్ల పెద్ద తప్పు తోవను గుర్తించి ఆపుచుండగా, ఇద్దరును ఒకరివద్ద నొకరు చదువుకొనుచుందురు. నేను కోరునది ఆ కూర్పునే. దానికై నెలకొక ఆదివారము ప్రొద్దుటిపూటను ఊరందరికి తెలిసిన వేళగా నిలుపుము. కూలికి పోవువారికి పనిదినము అడ్డు గదా.

ఏడాదిని తేదీలతోనే కాక కార్తెలతో కూడ లెక్కింపుము. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు పదుమూడు పదునాలుగు దినములకు కార్తె యని పేరు. జూన్ మొదటి వారము దాటగానే మృగశిర, ఇంచుమించు 22వ తేదీకి ఆరుద్ర ప్రవేశించును. ఆరుద్రపురుగు ఎఱ్ఱని మఖమలు వలె తడినేలపై ఏనాడు కనబడినదో, మొదటి నాట్లు ఏ మడిలో పడినవో, మత్తడి ఏనాడు దుంకినదో, దసరానాడు పాలపిట్ట ఎవరికి కనబడినదో ఒకే పుస్తకములో ఏటేట వ్రాయుచు పొమ్ము. తూము రాతిపై రంగుతో గీతలు గీయించి, వారమునకొకమారు నీటిమట్టము వ్రాయింపుము. జనవరి మాసమున ఆసియా నీటిపక్షుల గణన జరుగును. 1987 నుండి సాగుచున్న ఆ కార్యమున సామాన్య జనులే స్వచ్ఛందముగా తమ తమ చెరువుల పక్షులను లెక్కింతురు. నత్తలను తిను గుల్లకొంగను, తామరాకులపై నడచు పక్షిని గుర్తించుటకు పెద్ద చదువు పనిలేదు; ఓర్పును, ఒక్క దుర్భిణియు చాలును. ఒక్క ఏడు వ్రాసిన లెక్క వట్టి లెక్క. పదియేండ్లు వ్రాసినది ఊరి చరిత్ర. నీవు బదిలీయై పోయినను పుస్తకము ఊరిలోనే ఉండునట్లు, దానిని పంచాయతి వద్దనో గ్రంథాలయము వద్దనో నిలుపుము.

పంచాయతి మాట వచ్చినది గనుక మరియొకటి. 2002 నాటి జీవవైవిధ్య చట్టమును బట్టి ప్రతి స్థానిక సంస్థయందును ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను. స్థానిక ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య పట్టికను వ్రాయుట దాని ముఖ్యధర్మము. ఊరి చెట్లు, పంటల దేశవాళీ రకములు, చేపలు, మందుమొక్కలు, వాటిని గూర్చిన వాడుక జ్ఞానము అందుండవలెను. సర్పంచి నడిగి ఆ పుస్తకమును తెప్పించి చూడుము. ఉన్నచో నీ ఆదివారపు నడకలతో నింపుము, లేనిచో మొదలుపెట్టింపుము. పిల్లలు వ్రాసిన మాట ఊరి అధికార పత్రమున చేరినపుడు వారికి కలుగు గౌరవము ఏ మార్కులవలనను కలుగదు.

ఇది క్రొత్త సిద్ధాంతమని ఎవరైన ఆక్షేపించినచో, రవీంద్రుడు 1901లో శాంతినికేతనమున చెట్లక్రింద బడి పెట్టెననియు, 1922లో శ్రీనికేతనముతో ఆ చదువును చుట్టుపట్ల పల్లెలకు చేర్చెననియు, 1937 నాటి వార్ధా సభయందు గాంధీజీ చేతిపనిని విద్యకు కేంద్రము చేయగోరెననియు చెప్పుము. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము 6 నుండి 8 తరగతుల పిల్లలకు పుస్తకసంచి లేని 10 దినములను, స్థానిక వృత్తులవారి వద్ద నేర్చుకొనుటకై సూచించినది. మంచిదే. ఆ పది దినములను ఒక్కమారు ఖర్చు చేయక, కార్తెల వెంట ఏడాది పొడుగునను పరచుకొమ్ము.

చిక్కులు వచ్చును. నీటి హద్దు గీయించిన నాడు, శిఖములో ఎవరి పంట ఎంతవరకు చొచ్చినదో పటము మీద కనబడును. చెరువు పూర్తి నీటిమట్టమును తెలుపు ఎఫ్‌టీఎల్ రాళ్ళు ఎక్కడెక్కడ కదలినవో పిల్లలు అడుగుదురు. వారికి అబద్ధము చెప్పకుము. అట్లని వారిని తగవునకు ముందు నిలుపకుము. రెవెన్యూ వారి పటమును, కన్నులు చూచిన హద్దును ప్రక్కప్రక్కన నుంచి, నిర్ణయమును గ్రామసభకు విడువుము. ఆక్రమించినవాని బిడ్డయు నీ తరగతిలోనే కూర్చుండును గదా. ఆ బిడ్డ తల వంచుకొను రీతిని పాఠము చెప్పరాదు.

ఒక్క విషయమున మాత్రము నీవు కఠినముగా నుండవలెను. 2015లో మిషన్ కాకతీయ మొదలైన నాటినుండి 46 వేలకు పైబడిన చెరువుల పునరుద్ధరణ సంకల్పింపబడి, ఎన్నో చెరువుల పూడిక తీయబడినది. ఒండ్రుమట్టి పొలములకు చేరి నేల సారము పెరుగుట మేలే. కాని మట్టికై యంత్రములు త్రవ్విన గోతులు నీరు నిండిన తరువాత కంటికి కనబడవు. మోకాటిలోతున నడచుచున్న పిల్లవాడు మరుసటి అడుగున మునిగిపోవచ్చును. కావున నీటిలో దిగు పని యెంతమాత్రమును వలదు. ఎండకాలమున చెరువు ఎండినపుడు నీరటికానిని, వల వేయువారిని వెంటబెట్టుకొని ఆ గోతుల తావులను పటమున గుర్తించి, అందరికి తెలియునట్లు కట్టమైసమ్మ గుడి గోడపై వ్రాయింపుము. ఎనిమిది గంటలు కాకమునుపే నడక ముగింపుము. పాములుండు రాళ్ళకట్టుబడి లోపలివైపు ఎవ్వరిని దిగనీయకుము.

నా వద్దనున్న వర్షమాపకమును వచ్చే వారము మీ పెదనాన్న చేత పంపుచున్నాను. చెట్లకును గోడలకును, వాటి ఎత్తునకు రెండింతలైనను దూరముగా, బయలు నేలపై, అంచు 30 సెంటీమీటర్ల ఎత్తున నుండునట్లు సమతలముగా నిలుపుము. ప్రతిదినము ఉదయము 8-30కి కొలిపింపుము. వాతావరణ శాఖవారు పాటించు వేళ యదే గనుక, మీ లెక్కను వారి లెక్కతో పోల్చుకొనవచ్చును. 10 మిల్లీమీటర్ల వాన ఎకరముపై పడిన సుమారు 40,000 లీటర్లగునని ముందుగా చెప్పివేయక, పిల్లలచేతను వారి తండ్రులచేతను కలిసి కట్టింపుము. కొలగాజు పగిలిన వెంటనే నాకు వ్రాయుము, వేరొకటి కొని పంపెదను.

ఇట్లు,
నీ శుభము కోరు
తాతయ్య